తొంభై నిమిషాలూ కూర్చోనియ్యండి సార్

ఎడిటర్ గారికి నమస్తే,

మొన్న మా ఆఫీసుల లంచ్ టైమ్‌ల ఒకాయన అన్నడు, "హైదరాబాద్‌ల ఫుట్‌బాల్‌కి జనం ఎక్కడున్నరు భాయ్, ఎనభై నిమిషాలకే స్టాండ్లు ఖాళీ అయితయి, టీవీల నేనే చూసిన" అని. నాకు మస్తు కోపమొచ్చింది గానీ ఏం అనలేకపోయిన, ఎందుకంటే ఆయన చూసింది కరెక్టే, ఆ ఖాళీ సీట్లల్ల మూడు మావే. అందుకే ఈ ఉత్తరం రాస్తున్న. ఆట మీద ఇష్టం లేక లేచి పోలే సార్ మేము, ఇంటికి ఎట్ల పోవాలె అన్న భయంతోని లేచినం.

ముందు 2024 డిసెంబర్ 31 సంగతి చెప్త. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంల సంతోష్ ట్రోఫీ, అంటే రాష్ట్రాల టీమ్‌ల నడుమ ఆడే ఫుట్‌బాల్ టోర్నమెంట్, దాని ఫైనల్, బెంగాల్‌కి కేరళకి. మన టీమ్ కాదు నిజమే, కానీ చానా ఏండ్ల తర్వాత అంత పెద్ద ఫైనల్ మన ఊళ్లె ఆడుతుంటే మనింట్ల పెండ్లి లెక్కనే అనిపించింది నాకు. రాత్రి ఏడున్నరకి మ్యాచ్. నేను, మా పిల్లగాడు, మా మామ అంటే మా ఆవిడ వాళ్ల నాన్న, ముగ్గురం మా పాత ఆల్టోల లాలాగూడ నుంచి నాలుగున్నరకే బయల్దేరినం. పోయి కూసున్నం, మ్యాచ్ బిగుసుకొని నడుస్తున్నది, ఎవ్వరు గోల్ కొట్టట్లే, కేరళోళ్ల డ్రమ్ములు ఆగట్లే. ఎనభై ఐదు నిమిషాలకు సున్నా సున్నా. మామ వాచ్ చూసిండు, నేను ఆయన మొఖం చూసిన. మీకు తెలుసు గదా, డిసెంబర్ 31 రాత్రి మన ఊళ్లె ఫ్లైఓవర్లన్నీ మూసేస్తరు, తాగి బండి నడిపేటోళ్ల కోసం అన్ని చౌరస్తాల్ల చెకింగ్ ఉంటది. మ్యాచ్ ఎక్స్‌ట్రా టైమ్‌కి పోయిందంటే పది దాటుతది, ఆ మీద పెనాల్టీలంటే ఇగ అంతే, ఆ ముసలాయన్ని పట్టుకొని గచ్చిబౌలి నుంచి సికింద్రాబాద్ దాకా ఏ గల్లీల నుంచి పోవాలె నేను. "పోదాం అల్లుడూ" అన్నడు మామ. లేచినం.

కారు చానా దూరం పెట్టినం. పిల్లగాడు వెనక్కి తిరిగి నడుస్తున్నడు, లైట్ల దిక్కు మొఖం పెట్టి, రెండుసార్లు తట్టుకొని పడబోయిండు కూడా. మామని ముందు సీట్ల కూసోబెట్టి తాళంచెవి తిప్పబోతున్న, అప్పుడు వచ్చింది సార్ ఆ అరుపు. అట్లాంటి అరుపు టీవీల వినబడదు, నేల నుంచి కారు డోర్ల నుంచి వస్తది. "డాడీ గోల్ పడ్డదా?" అన్నడు మావాడు. ఫోన్ల నెట్ రాలే, అంత జనంల ఎట్ల వస్తది. మెయిన్ రోడ్డు ఎక్కినంక తెలిసింది, తొంభై నిమిషాల మీద కలిపే ఇంజురీ టైమ్‌ల బెంగాల్ రాబీ హన్స్‌దా కొట్టిండు, బెంగాల్ గెలిచింది, వాళ్లకు అది 33వ సంతోష్ ట్రోఫీ. టోర్నమెంట్ మొత్తంల ఆ పిల్లగాడే అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టిండు. ఆఖరుది, అసలుది, మేము పార్కింగ్‌ల ఉండంగ కొట్టిండు.

మామ దారంత ఒక్క మాట మాట్లాడలే. సంగీత్ చౌరస్తా దాటినంక మెల్లగ అడిగిండు, "ఏ కాలుతోని కొట్టిండంట?" అని. నాకు నవ్వాలో ఏడ్వాలో తెల్వలే. తెల్లారి ఫోన్ల వీడియో పెట్టి చూపించిన, మూడుసార్లు చూసిండు, ఫోన్ తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం నా మొఖం చూడలే.

ఇట్ల ఆట మధ్యల లేచి పోయే అలవాటు మాకు ఎట్ల అంటుకుందో కూడా చెప్పాలె. 2023 మార్చి 9, గురువారం. అప్పటికి మన ఊరి క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ మంచి ఊపు మీద ఉన్నది, ఐఎస్ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్‌ల రెండో ప్లేస్, సెమీఫైనల్ రెండు మ్యాచుల్ల మొదటిది, ఫస్ట్ లెగ్, మన గచ్చిబౌలిల, అవతల ఏటీకే మోహన్ బగాన్. పిల్లగానికి పరీక్షలున్నయని ఇంట్లనే ఉంచినం, వాడు అలిగి అన్నం తినలేదంట. నేను, మామ మెట్టుగూడల మెట్రో ఎక్కినం. అంత మంచి రైలు సార్, మెట్టుగూడ నుంచి రాయదుర్గం దాకా ఎక్కడ మారే పని లేదు, ఏసీల కూసోని దుర్గం చెరువు చూసుకుంట పోవచ్చు. కానీ రాయదుర్గంల లైన్ అయిపోతది. అక్కడ్నుంచి స్టేడియం ఇంకా ఐదారు కిలోమీటర్లు, అదీ సాఫ్ట్‌వేరోళ్లు ఇండ్లకు పోయే టైమ్‌ల.

ఆ మ్యాచ్ ఎట్లుండె అంటే, గోల్ లేకున్నా కడుపు నిండిన మ్యాచ్. బాలయోగి స్టేడియం కట్టింది అథ్లెటిక్స్ కోసం, గ్రౌండ్ చుట్టూ రన్నింగ్ ట్రాక్ ఉంటది, అందుకే మనకు ఆటగాళ్లు జర దూరంల కనబడతరు. పైన కూసుంటే ఒక చిత్రం ఉన్నది, గోల్‌కీపర్ బంతిని కొట్టింది ముందు కనబడతది, "ధబ్" అన్న చప్పుడు ఒక రెప్పపాటు ఆగి వస్తది. మామ నాకు ఇది చెప్పేదాక నేను ఎప్పుడు గమనించలే. ఫ్లడ్‌లైట్ల చుట్టూ పురుగులు ముసురుకొని ఉంటయి, తడి గడ్డి మెరుస్తది, టీవీల అంత పచ్చగ ఉండదు, దానికన్నా బాగుంటది. మన టీమ్ ఫ్యాన్ క్లబ్ డెక్కన్ లీజియన్ పోరగాళ్లు డ్రమ్ములు పట్టుకొని మొదటి నిమిషం నుంచి నిలబడే ఉన్నరు. మా వెనక రెండు వరుసలు బెంగాలీ టెకీలు, ఆఫీస్ బ్యాగులతోనే వచ్చిన్రు. మామ వాళ్ల దిక్కు తిరిగి హిందీల మొదలు పెట్టిండు, "మా హబీబ్ తెలుసా మీకు? మీ మోహన్ బగాన్‌కి, ఈస్ట్ బెంగాల్‌కి, మొహమ్మడన్‌కి మూడింటికీ ఆడిండు, 1977ల కలకత్తాల పీలే టీమ్ మీద ఆడిండు, ఈ ఊరోడే" అని. ఆ పోరల్లో ఒకడు లేచి మామకు షేక్‌హ్యాండ్ ఇచ్చిండు. ఆ షేక్‌హ్యాండ్ గురించి మామ ఇప్పటికీ వచ్చినోళ్లందరికీ చెప్తడు. హబీబ్ సాబ్ అదే ఏడాది ఆగస్టు 15 నాడు పోయిన్రు, ఆ రోజు మామ టీవీ పెట్టనియ్యలే.

సరే, విషయానికి వస్త. డెబ్బై నిమిషాలు కాంగనే మామ వాచ్ చూసుడు మొదలైంది. మెట్రో దొరకాలె, అంతకన్నా ముందు రాయదుర్గం దాకా ఆటో దొరకాలె. ఎనభై ఐదుకి లేచినం. బయట ఆటో అతను అయిదు వందలు అన్నడు, బేరం ఆడుకుంట నడుచుకుంట పోతుంటే లోపల్నుంచి ఆఖరి విజిల్ వినబడ్డది, సున్నా సున్నానే. "చూసినవా, ఏం మిస్ కాలే" అన్నడు మామ. గంతే, ఆ ఒక్క మాటతోని మాకు ధైర్యం వచ్చేసింది, ఆఖరి పది నిమిషాల్ల ఏం కాదు అనే ఒక పిచ్చి ధైర్యం. ఆ ధైర్యం ఖరీదు 2024 డిసెంబర్ 31 నాడు తెలిసింది. (సెకండ్ లెగ్ కలకత్తాల అది కూడా సున్నా సున్నానే అయ్యి పెనాల్టీల్ల మనం ఓడిపోయినం, అది వేరే బాధ.)

అసలు మాకు ముందే బుద్ధి ఉండాలె. 2019 నవంబర్ 2, హైదరాబాద్ ఎఫ్‌సీ మొట్టమొదటి హోమ్ మ్యాచ్, కేరళ బ్లాస్టర్స్ మీద. అప్పటికి మెట్రో హైటెక్ సిటీ దాకనే. స్టాండ్లల్ల కేరళోళ్ల పసుపు జెర్సీలు ఎంతమంది అంటే మనం కొచ్చికి వచ్చినమా అనిపించింది, వాళ్లే ముందు గోల్ కొట్టిన్రు కూడా. తర్వాత పెనాల్టీతోని ఒకటి ఒకటి అయ్యింది. ఎనభై నిమిషాలు దాటినంక మనోళ్ల మార్సెలీనో ఫ్రీకిక్ కొట్టిండు చూడండి, మావాడికి అప్పుడు అయిదేండ్లు, నా మెడ మీద కూసోని నా రెండు చెవులు పట్టుకొని గుంజిండు, రెండు రోజులు నొప్పి. 2-1. ఆ రోజు లేచి పోయి ఉంటే మా ఇంట్ల ఫుట్‌బాల్ అనేదే ఉండకపోవు. ఆ సీజన్ల మనోళ్లు ఆఖరి ప్లేస్‌ల వచ్చిన్రు, రెండే మ్యాచులు గెలిచిన్రు, ఆ రెండిట్ల ఒకటి మేము చూసినం.

ఇప్పుడు లెక్క చూడండి. ఏడున్నరకి కిక్-ఆఫ్ అంటే నలభై ఐదు, పదిహేను, మళ్లీ నలభై ఐదు, రెండు హాఫ్‌లల్ల కలిపే ఇంజురీ టైమ్, తొమ్మిదిన్నర దగ్గర పడుతది. గేటు బయటికొచ్చేసరికి ఇంకో పదిహేను నిమిషాలు. రాయదుర్గం పోయేసరికి పది దాటుతది. అక్కడ్నుంచి మెట్టుగూడ ముప్పావు గంట. పొద్దున బడి ఉన్న పిల్లగాడు ఏ అర్ధరాత్రికో పండుకుంటడు. ఇది నాకు కష్టం, నాకన్నా దూరం పోయే బోడుప్పల్, ఎల్బీ నగర్ వాళ్ల సంగతి ఏంది? ఒంటరిగ వచ్చే ఆడపిల్లల సంగతి ఏంది? ఏడున్నర అనేది టీవీ చూసేటోళ్లకు మంచి టైమ్, ఒప్పుకుంటున్న. స్టేడియంకి వచ్చేటోన్ని అడిగి పెట్టిన టైమ్ అయితే కాదు.

అంత రాత్రి జనాన్ని ఇంటికి చేర్చుడు మన ఊరికి చేతకాదా అంటే, చేతనైతది, బ్రహ్మాండంగ చేతనైతది. ఉప్పల్‌ల ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రోజు చూడండి, ఆర్టీసీ స్పెషల్ బస్సులు వేస్తరు, మెట్రో అర్ధరాత్రి దాక నడుస్తది. అక్కడ మెట్రో స్టేషన్ పేరే స్టేడియం, ఇంకేం కావాలె! మెస్సీ వచ్చిండు 2025 డిసెంబర్ 13న, అదీ ఉప్పల్లనే, అదీ సాయంత్రమే, జనం ఎట్ల పోయిన్రో ఊరంత చూసింది. ముఖ్యమంత్రి గారు కూడా జెర్సీ వేసుకొని బంతి తన్నిన్రు. నేను క్రికెట్‌కి వ్యతిరేకం కాదు సార్, మా ఇంట్ల కూడా ఐపీఎల్ చూస్తం. ఆ చేసేదాంట్ల పదో వంతు గచ్చిబౌలికి చెయ్యండి అంటున్న, ఆట అయిపోంగనే స్టేడియం ముందట్నుంచి రాయదుర్గం మెట్రో దాక నాలుగు బస్సులు, అంతే నా కోరిక. పైసలు తీసుకోండి, ఫ్రీగ అడగట్లే.

గేటు దగ్గర జరిగేది ఇంకో కథ. ఏ గ్రౌండో రాయను, ఎందుకంటే ఇది ఒక్క గ్రౌండ్ ముచ్చట కాదు. మామకు షుగర్ ఉన్నది, పద్దెనిమిదేండ్ల నుంచి. సాయంత్రం ఆరు ఏడు మధ్య ఏమన్న తినకపోతే చేతులు వణుకుతయి. జేబుల ఒక చిన్న గ్లూకోజ్ బిస్కెట్ ప్యాకెట్ పెట్టుకొని పోతడు. గేటు కాడ సెక్యూరిటీ పిల్లగాడు తీసేసిండు, బయటి తిండి లోపలికి వద్దంట. మామ చెప్పిండు, నేను చెప్పిన, డాక్టర్ చీటీ ఫోన్ల చూపించిన. ఆ పిల్లగానికి కూడా ఏం తెల్వదు పాపం, వానికి చెప్పింది వాడు చేస్తున్నడు. అక్కడొక పెద్ద అట్టపెట్టె ఉన్నది, దాంట్ల నీళ్ల సీసాలు, పవర్ బ్యాంకులు, ఒక పసిపిల్ల పాల సీసా కూడా, దాంట్లనే మా బిస్కెట్లు. లోపల స్టాల్ ఒక్కటే, దాని ముందట హాఫ్ టైమ్‌ల ఎనభై మంది. సెకండ్ హాఫ్ మొదలై పది నిమిషాలైనంక నాకు ఒక చల్లారిన సమోసా దొరికింది. నేను వచ్చేసరికి మామ రెండు చేతులు ఒళ్లె పెట్టుకొని గట్టిగ పట్టుకొని కూసున్నడు, వణుకు కనబడొద్దని. ఆ రోజు మ్యాచ్ స్కోర్ ఎంతో నాకిప్పుడు యాదికి లేదు, ఆ చేతులు యాదికున్నయి.

మామ గురించి నాలుగు ముక్కలు చెప్తే తప్ప మీకు నా బాధ అర్థం కాదు. రైల్వేల పని చేసి రిటైర్ అయిండు, డెబ్బై ఎనిమిదేండ్లు. చిన్నప్పుడు ఫతే మైదాన్‌కి, అదే ఇప్పటి ఎల్బీ స్టేడియంకి, సైకిల్ మీద పోయి మ్యాచులు చూసేటోడు. మ్యాచులన్నీ సాయంత్రం ఎండ తగ్గేటప్పుడే, చీకటి పడేసరికి అయిపోయేటివి, రాత్రి అన్నం టైమ్‌కి ఇంట్ల ఉండేటోడు. గ్రౌండ్ ఊరి నడిమిట్ల బషీర్‌బాగ్‌ల, ఎటు పోవాలన్నా బస్సే. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాక వరసగ అయిదుసార్లు బొంబాయిల ఆడే రోవర్స్ కప్ గెలిచిన కథలు ఆయనకు వాళ్ల నాయన చెప్పిండు, ఆయన నాకు చెప్పిండు, నేను మావానికి చెప్తున్న. ఆ పోలీస్ టీమ్ కోచ్ రహీం సాబ్ బలం లేని కాలుతోనే ఆడాలె అని టోర్నమెంట్లు పెట్టేవారట, మామ ఏ గోల్ చూసినా ముందు అడిగేది ఏ కాలు అనే, అందుకే ఆ రాత్రి కూడా అదే అడిగిండు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో ప్లేస్, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌ల గోల్డ్, రెండిటికీ కోచ్ మన రహీం సాబే. రెండిట్ల ఆడిన తులసీదాస్ బలరాం మా లాలాగూడకు అవతల అమ్ముగూడ పిల్లగాడు. ఇంత ఉన్న ఊళ్లె "జనం ఎక్కడున్నరు" అంటే ఏం చెప్పాలె.

ఇంకో వింత వినండి. 2021-22ల హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ చాంపియన్ అయ్యింది, 2022 మార్చి 20న ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీదనే, మన గోల్‌కీపర్ కట్టిమని పెనాల్టీలు మూడు ఆపిండు. కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాల ఆడిన్రు. అంటే ఊరి టీమ్ చాంపియన్ అయిన ఏడాది ఊరోళ్లకు ఒక్క హోమ్ మ్యాచ్ లేదు. మేము ఆ ఫైనల్ ఇంట్ల టీవీల చూసినం, ఇల్లు దాటే పని లేదు గాబట్టి ఆఖరి పెనాల్టీ దాక చూసినం! తర్వాత పైసల ఇబ్బందులు వచ్చినయి, ఆటగాళ్లు ఒక్కొక్కరు పోయిన్రు, 2025ల టీమే ఢిల్లీకి పోయి పేరు మార్చుకున్నది. ఐఎస్ఎల్ కింది లీగ్ అయిన ఐ-లీగ్‌ల మన ఊరి ఇంకో టీమ్ శ్రీనిధి దక్కన్ వరసగ రెండు సీజన్లు, 2022-23, 2023-24, రెండో ప్లేస్‌ల వచ్చింది, వాళ్ల గ్రౌండ్ అజీజ్‌నగర్‌ల, అది ఇంకా ఊరి బయట. ఇండియా టీమ్ కూడా 2024ల మూడుసార్లు గచ్చిబౌలికి వచ్చింది, మారిషస్ మీద సున్నా సున్నా, సిరియా మీద మూడు గోల్స్‌తోని ఓటమి, మలేషియా మీద ఒకటి ఒకటి. మూడు మ్యాచులకు మాకు దొరికిన ఇండియా గోల్ ఒక్కటి, రాహుల్ భేకేది, అదృష్టం బాగుండి అది ఫస్ట్ హాఫ్‌లనే కొట్టిండు.

రేపు ఇంకో టీమ్ వస్తదో, పాతదే తిరిగొస్తదో, సంతోష్ ట్రోఫీ మళ్లీ వస్తదో, ఏదొచ్చినా ఇంటికి పోయే దారి ఇట్లనే ఉంటే ఎనభై నిమిషాలకు మళ్లీ లేస్తం. కనీసం శని ఆదివారాల్ల అన్న మ్యాచ్ అయిదున్నరకి పెట్టండి. షుగర్ ఉన్నోళ్ల బిస్కెట్లు, పసిపిల్లల పాలు గేటు కాడ గుంజుకోకండి. ఈ కోరికలు మ్యాచులు నడిపించేటోళ్లకు. మీకు ఒకటే రిక్వెస్ట్ సార్, మన ఊళ్లె మ్యాచ్ ఉన్న రోజు మీ స్పోర్ట్స్ పేజీల ఒక చిన్న మూలకు అయినా కిక్-ఆఫ్ ఎన్నింటికి, ఆట ఎన్నింటికి అయిపోతది, ఆఖరి మెట్రో ఎన్నింటికి, ఈ మూడు ముక్కలు వెయ్యండి. యూరప్ లీగ్‌ల స్కోర్లు వేస్తున్నరు గదా, వాటి కిందనే వెయ్యండి, ఎక్కువ జాగ పట్టదు.

నిన్న రాత్రి ఈ ఉత్తరం మామకు చదివి వినిపించిన. బిస్కెట్ల ముచ్చట తీసెయ్యమన్నడు, ఇజ్జత్ పోతదంట. తియ్యనన్న. కొంచెం సేపు ఊకున్నడు, తర్వాత అడిగిండు, మళ్లీ మ్యాచ్ ఎప్పుడుంది అని. తెల్వదన్న. "ఏడున్నరకి అయితే జర ముందుగాల చెప్పు, ఈసారి బిస్కెట్లు సాక్సుల పెట్టుకుంట" అన్నడు.

ఇట్లు,
మీ పేపర్ రోజూ వెనక పేజీ నుంచి మొదలుపెట్టి చదివే ఒక పాఠకుడు,
లాలాగూడ, సికింద్రాబాద్